డెస్కు లేని వార్త

తెలుగు పత్రికారంగంలో ఆన్‌లైన్ వీడియో తెచ్చిన మార్పును అక్షరం స్థానంలో బొమ్మ రావడంగా చెప్పుకోవడం పరిపాటి అయినప్పటికీ, ఆ పని టెలివిజన్ ఏనాడో పూర్తిచేసింది కనుక, యూట్యూబ్ తొలగించినది డెస్కును అనుకోవడమే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. డెస్కు అనగా మండల విలేకరి పంపిన వార్తను చదివి, భాష దిద్ది, అనుమానం వచ్చినచోట ఎదుటి పక్షం వివరణ అడిగించి, ఆ తరువాతే అచ్చుకు వదిలే ఉపసంపాదకుల బృందం.

డెస్కు లేకుండా ఒకరిద్దరే పత్రికంతా తామై నడపడం ఓరుగల్లు (వరంగల్) సీమకు కొత్త కాదు. 1922లో అప్పటి వరంగల్ జిల్లాలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ వారపత్రికను వెలువరించినప్పుడు రచన, సంపాదకత్వం, ముద్రణ అన్నీ వారి చేతులమీదుగానే సాగాయి. దినపత్రికల జిల్లా అనుబంధాల కాలం వచ్చేసరికి, అచ్చయిన వార్త కొలతను బట్టి పారితోషికం అందుకునే కంట్రిబ్యూటర్లు ఊరూరా ఏర్పడి, వారికీ పాఠకుడికీ నడుమ డెస్కు స్థిరపడింది. దాని మేలుతోపాటు ఒక నష్టమూ ఉండేది: నర్సంపేట రైతు ‘గిట్లయితే ఎట్ల బతకాలె’ అని అడిగినా, మర్నాటి పత్రికలో అది ‘ఆవేదన వ్యక్తం చేశారు’ అన్న మూడు మాటలుగా మిగిలేది.

వీ6 టెలివిజన్ ‘తీన్మార్’ వార్తలు ఆ తెలంగాణ యాసకు గౌరవం కల్పించగా, వీడియో ఛానెళ్లు దానిని అనుమతి అడగనక్కరలేని భాషగా మార్చాయి. నేటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ద్వారా వ్యవసాయ కూలీ గంగవ్వ తన మాట తీరు మార్చుకోకుండానే తెలుగువారందరికీ తెలిసిన కథకురాలైంది. అయితే ఈ స్వేచ్ఛకు ఒక కొలబద్ద ఉంది. ఏ వీడియో ఎవరికి చూపాలో నిర్ణయించే గణన పద్ధతిని అల్గారిథం అంటారు. అది ప్రేక్షకుడు ఎంతసేపు నిలిచాడన్నదానికి పెద్దపీట వేస్తుంది కాబట్టి ముగింపులో రావలసిన ఘట్టం మొదటి అరనిమిషంలోకి దూకుతుంది, వీడియో మధ్యలో ప్రకటన రావాలంటే నిడివి 8 నిమిషాలైనా ఉండాలన్న నియమం వల్ల రెండు నిమిషాల విషయం సాగదీతకు గురవుతుంది. దీనికి భిన్నంగా, ‘బలగం’ చిత్రం చివర పాడి కంటతడి పెట్టించిన దుగ్గొండి కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల సంప్రదాయమైన శారదకథ అనే జానపద కథాగానం రాత్రంతా నడవగలిగినది. దానిలో శ్రోత నిరీక్షించడం కూడా కథలో భాగమే.

వార్త విషయంలో చిక్కు మరింత లోతైనది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి ధర తగ్గించారని ఒక రైతు మైకు ముందు మండిపడితే, జనం అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు చూపే ‘పబ్లిక్ టాక్’ పద్ధతిలో అదే పూర్తి వార్త అవుతుంది. తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే కొనుగోలే లేదన్న భారత పత్తి సంస్థ నిబంధన గానీ, ఆ తేమను ఎవరు, ఏ యంత్రంతో కొలిచారన్న ప్రశ్న గానీ అందులో వినిపించవు. రైతు కోపం నిజమే కావచ్చు, తూకంలో మోసమూ జరిగి ఉండవచ్చు; కానీ ఆ ప్రశ్న అడగని వీడియో వ్యాపారికి తప్పించుకునే దారినే మిగులుస్తుంది.

డెస్కు ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు ఇతరులు కూర్చుంటున్నారు. తెలంగాణ ముఖ్యమంత్రిని ఒక రైతు దూషించిన వీడియో విషయంలో 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేయడం దీనికి ఉదాహరణ. ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసేయాలో సంపాదకులు తేల్చుకోవలసిన విషయాన్ని పోలీసులు తేల్చడం ఏ పాలకుడి హయాంలోనైనా సమర్థనీయం కాదు. మరోవైపు, తీన్మార్ మల్లన్నగా ప్రసిద్ధుడైన చింతపండు నవీన్ తన యూట్యూబ్ ఛానెల్ క్యూ న్యూస్ వీక్షకుల బలంతో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల శాసనమండలి నియోజకవర్గంలో 2021లో రెండో స్థానం పొంది, 2024 ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. పోటీ చేసే హక్కు జర్నలిస్టుకు లేదనలేము గానీ, ప్రశ్నించేవాడే అభ్యర్థి అయినప్పుడు అతనిని ప్రశ్నించవలసిన మైకు ఎవరి చేతిలో ఉండాలో ఈ మాధ్యమం ఇంకా తేల్చుకోలేదు.

అచ్చు పత్రికలో బాధ్యత ఎవరిదో తెలిసేలా, 1867 నాటి చట్టం ప్రతి వార్తాపత్రికా తన సంపాదకుడి, ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు అచ్చువేయాలని నిర్బంధించింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి పత్రికల నమోదు చట్టం వీడియో ఛానెళ్ల జోలికి పోలేదు. 2021 ఐటీ నియమాలు డిజిటల్ వార్తా సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని చెబుతున్నా, జిల్లా స్థాయి ఛానెళ్లలో చాలావాటి వివరణ పెట్టెలో ప్రకటనల కోసం సంప్రదించవలసిన ఫోన్ నంబరు తప్పక కనిపిస్తుంది, సంపాదకుడి పేరు మాత్రం వెతికినా దొరకదు.