నాయన్ని రావద్దంటావా, తమ్ముడూ?

గిద్దలూరు నుంచి ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వెలిసిన విడిభాగాల కంపెనీల్లో ఒకదాంట్లో ఉద్యోగం. పై అధికారి కొరియా ఆయన, నలభై దాటినవాడు. కంభం చెరువు చూడ్డానికి మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తున్నాడట. మధ్యాహ్నం మార్కాపురంలో ఏసీ హోటల్లో భోజనం. ఇంతవరకూ భేష్! చివర్న మాత్రం ఓ ముక్క రాశాడు: "మా నాయన ముప్పై ఏళ్ళు పలకల గనుల్లో పనిచేశాడు. వేళ్ళు జుర్రుకుంటూ తింటాడు, గట్టిగా మాట్లాడతాడు. ఆ పూటకి రావద్దని చెప్పనా?"

చెప్పకు తమ్ముడూ!

కొరియావాళ్ళ భోజనాల బల్ల దగ్గర మొదటి నియమమే పెద్దాయన. అందరిలోకి వయసులో పెద్దవాడు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్ళు ముట్టరు. రాత్రిళ్ళు నిద్ర మానుకుని కొరియా సీరియళ్ళు చూస్తారు గదా, హీరో ఏ సీన్లో ఏ కోటు వేశాడో అడిగితే చెప్తారు, ఇది మాత్రం కనబడలేదా? ఆ రోజు బల్ల దగ్గర పెద్దవాడు మీ నాయనే. ఆయన ముద్ద ఎత్తాలని మీ అధికారే ఎదురుచూస్తాడు. తలుపుకి దూరంగా, లోపలివైపు ఉండే కుర్చీలు గౌరవస్థానం. వాళ్ళిద్దర్నీ అక్కడ కూర్చోబెట్టి, నువ్వు తలుపు దగ్గర కూర్చో.

సమంత 'ఓ బేబీ' 2019లో ఆడినప్పుడు మన హాళ్ళలో నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు. అది 2014 నాటి కొరియా చిత్రం 'మిస్ గ్రానీ'కి తెలుగు రూపం. ముసలమ్మ చుట్టూ తిరిగే కథ అక్కణ్ణించి ఇక్కడికొస్తే మనకేమీ పరాయిగా అనిపించలేదు. "భోంచేశారా?" అని మనం పలకరించినట్టే వాళ్ళూ అన్నం తిన్నావా అనే పలకరిస్తారు. హోదా పేరు చివర 'నిమ్' చేరుస్తారు, మన 'గారు' లాగా. తొలి పరిచయంలోనే మీ నాయన వయసెంత అని అడిగితే ఆరా తీస్తున్నాడనుకోకు. ఎదుటివాడిని మీరనాలా, నువ్వనాలా అన్నది వాళ్ళకీ తేలాలి మరి!

ఇక చెయ్యి సంగతి. పాలకూర లాంటి పచ్చి ఆకులో మాంసం, అన్నం చుట్టి చేత్తోనే నోట్లో కుక్కుకునే జనం వాళ్ళు. చేత్తో తింటే చులకన చేస్తారన్న భయం వదిలెయ్. కాకపోతే మామూలు అన్నం చెంచాతో, కూరలు పుల్లలతో తింటారు. వాళ్ళన్నం ముద్దగా అతుక్కుంటుంది. మన సోనామసూరి మెతుకు పుల్లల్లో నిలవదు. కనుక స్టీలు చెంచా పెట్టించు, చాలు. ఆయన చేత్తో ప్రయత్నిస్తే నవ్వకు, ఫోటో తియ్యకు. అన్నంలో చెంచా గానీ పుల్లలు గానీ నిలువుగా గుచ్చకు. వాళ్ళకది పెద్దల తద్దినాన్ని గుర్తు చేస్తుంది.

అసలు చిక్కు ఎంగిలి దగ్గర. వాళ్ళింట్లో పులుసు గిన్నె మధ్యలో పెట్టి, ఎవరి చెంచాతో వాళ్ళు అందులోంచే తాగడం మామూలు. అది ఆప్యాయత. ఆయన అలవాటుగా నాటుకోడి పులుసు గిన్నెలో తన చెంచా ముంచాడనుకో, మీ నాయన మొహం ఎలా మారుతుందో నేను ఊహించగలను. దీనికి ఉపన్యాసం అక్కర్లేదు. ప్రతి గిన్నెలో గరిటె, ఒక్కొక్కరికి చిన్న కప్పు. సర్వరుకి ముందే చెప్పుకో.

కారం మాటకొస్తే, కొరియా ఆయన ఎంత కారమైనా తింటాడని సీరియళ్ళు చూసి నమ్మకండి. వాళ్ళ మిరప ముద్దలో తీపి కలిసి ఉంటుంది. మన గోంగూర, ఊరిమిండి దెబ్బకి కళ్ళూ ముక్కూ ఏకమవుతాయి. బల్ల దగ్గర ముక్కు చీదడం వాళ్ళకి మహా అమర్యాద. ఆయన చెప్పలేక, చీదలేక అవస్థ పడతాడు. చెయ్యి కడిగే చోటు ముందే చూపించు. గడ్డపెరుగు దగ్గరపెట్టు.

తన గ్లాసు తాను నింపుకోవడం వాళ్ళ పద్ధతి కాదు. పక్కవాడు పొయ్యాలి, చిన్నవాడు రెండు చేతులతో పొయ్యాలి. సారా, సోజూ అక్కర్లేదు, మజ్జిగకీ చెల్లుతుంది. ఆయన గ్లాసు ఖాళీ అయిందో లేదో చూడు. ముందు మాత్రం మీ నాయన గ్లాసు నింపు. ఆయనకి నువ్వెవరివో ఆ ఒక్క పనిలో తెలిసిపోతుంది.

పిలిచినవాడో పెద్దవాడో డబ్బు కట్టడం అక్కడా ఆచారమే, బిల్లు కోసం లాగులాడుకోవడమూ ఆచారమే. మీ అధికారి కౌంటరు దగ్గరికి పరిగెత్తక ముందే క్యాషియరుకి అడ్వాన్సు ఇచ్చేయి. వాళ్ళ దేశంలో టిప్పు ఇచ్చే అలవాటు లేదు, అది నువ్వే చూసుకో. ఆఖర్న సోంపు ప్లేటు వస్తే అదేమిటని ఆయన వింతగా చూస్తాడు. మీ నాయన్నే చిటికెడు తీసి అరచేతిలో పెట్టమను.