బ్యాకప్ అంటే చివరి వెబ్ ఆప్షన్ కాదు



గత ఏప్రిల్‌లో ఒక తండ్రి ఫోన్ చేశారు. వాళ్లమ్మాయి మా దగ్గరే పదో తరగతి చదివింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో, థియరిటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ కోసం అమెరికాలో ఎనిమిది యూనివర్సిటీలకు దరఖాస్తు చేసింది. ఎనిమిదీ కాదన్నాయి. "సార్, ఇప్పుడేం చేయాలి?" అని అడిగారాయన. నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తుకు ముందు ఆ అమ్మాయి జాబితా నాకూ చూపించింది. ఎనిమిదీ ప్రపంచమంతా తెలిసిన పేర్లే. "బాగుందమ్మా" అన్నది నేనే.

ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు మాటలు.

మనకు వెబ్ ఆప్షన్లు అలవాటు. పైన పెద్ద కాలేజీలు, కింద చిన్నవి పెడితే ర్యాంకును బట్టి ఏదో ఒక సీటు వస్తుంది. పీహెచ్‌డీకి అలాంటి కటాఫ్ ఉండదు. అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. కాబట్టి డబ్బు ఉన్నంతమందినే తీసుకుంటారు. థియరీలో ముగ్గురే ప్రొఫెసర్లున్న చిన్న విభాగం ఒక ఏడాది ఒక్కరినే తీసుకోవచ్చు, అసలు తీసుకోకపోనూవచ్చు. ర్యాంకింగ్‌లో కింద ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు.

మరి బ్యాకప్ ఎలా ఎంచుకోవాలి? మీ అమ్మాయికో అబ్బాయికో నచ్చిన అంశంలో పనిచేసే ప్రొఫెసర్లు అక్కడ కనీసం ఇద్దరు ముగ్గురున్నారా? వాళ్లు కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా? అక్కడ చదివినవాళ్లు తర్వాత ఎక్కడికి వెళ్లారు? ఈ మూడూ విభాగం వెబ్‌సైట్ చూసి, ఒక ఈమెయిల్ రాసి తెలుసుకోవచ్చు.

కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ 1958లో పీహెచ్‌డీ పొందింది రోచెస్టర్ యూనివర్సిటీలో. మన ఇళ్లలో ఆ పేరు ఎంతమందికి తెలుసు? కానీ అక్కడ రాబర్ట్ మార్షక్ ఉన్నారు. బలహీన కేంద్రక బలం మీద వాళ్లిద్దరూ కలిసి చేసిన సిద్ధాంతం భౌతికశాస్త్రంలో నిలిచిపోయింది.

బ్యాకప్ అమెరికాలోనే ఉండాలనీ లేదు. ఇటలీలోని ట్రియెస్తేలో అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన ఐసీటీపీ, వర్ధమాన దేశాల విద్యార్థులకు ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఎంపికైనవారి ఖర్చు ఆ సంస్థే భరిస్తుంది. మన దేశంలో టీఐఎఫ్ఆర్ ప్రవేశ పరీక్ష ఉంది, జెస్ట్ ఉంది, గేట్ ఉంది. చెన్నైలోని ఐఎంఎస్‌సీ, ప్రయాగ్‌రాజ్‌లోని హెచ్ఆర్ఐ జెస్ట్ స్కోరు చూస్తాయి. వీటిని రెండో రకం అనుకోకండి. థియరీలో ఇవి పేరున్న చోట్లు.

ఇక్కడే అసలు చిక్కు. అమెరికా జవాబులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. అప్పటికి ఇక్కడి పరీక్షల దరఖాస్తు గడువు దాటిపోతుంది. కాబట్టి ఆ జవాబుల కోసం ఆగకుండా రెండూ కట్టాలి. ఆ అమ్మాయి కట్టలేదు. ఏడాది పోయింది.

మీ వంతు ఒకటుంది. జాబితా చూడగానే "ర్యాంకు ఎంత?" అని అడగకండి. బంధువులకు తెలియని పేరు కనిపిస్తే ముఖం చిన్నబుచ్చుకోకండి. అమెరికాలో ఒక్కో దరఖాస్తుకు చాలాచోట్ల 75 నుంచి 125 డాలర్ల వరకు అవుతుంది. ఆ డబ్బు పెట్టేది మీరే. అందుకే ఇష్టం లేని పేర్లు పిల్లలు మీ కోసమే రాస్తారు.

ఆ అమ్మాయి ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు చేస్తోంది. కొత్త జాబితా పంపినప్పుడు నేను ఒక్కటే అడిగాను: "వీటిలో చివరి చోటు నుంచి మాత్రమే పిలుపొస్తే, సంతోషంగా వెళ్తావా?" కాసేపు ఆలోచించి రెండు పేర్లు కొట్టేసింది. వాటి బదులు జెస్ట్‌కు ఫీజు కట్టింది.

ఆ ప్రశ్న మీరూ అడగండి. డిసెంబరు గడువుకు ముందే అడగండి.