పెరటిలో పిట్టకొక పాలు, తుమ్మెదకొక పాలు

తిరుపతి, చిత్తూరు పురవాసులకును, మామిడి రైతు సోదరులకును సవినయముగా విన్నవించునది:

పుష్యమాసము కడచి మాఘము ప్రవేశించునప్పటికి బంగారుపాళెము మొదలు దామలచెరువు వఱకు గల తోటలన్నియు లేతపసుపు వన్నె దాల్చి, బాటసారిని సైతము నిలువరించు వాసనతో నిండియుండుట మన మెల్లర మెఱిగినదే. ఆ పూగుత్తి నొకదానిని చేతబట్టి చూడుడు. అందు వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది చిఱుపూలుండును. పెక్కులు పుప్పొడి మాత్రమే యొసగి రాలిపోవునవి, కాయగట్టు యోగ్యత గలవి కొన్నియే. ఆ కొన్నిటికి పుప్పొడి చేరవలెనన్న, అది జిగటది గావున, గాలి నొక్కదానినే నమ్ముకొని లాభము లేదు, ఈగయో చిన్న తేనెటీగయో వచ్చి వ్రాలవలసినదే. తోతాపురికి టన్ను ధర యెంతయని గుజ్జు కర్మాగారపు వాకిట నిలిచి యడుగు మనము, ఆ కాయను నిలిపిన యీగ పూత ముగిసిన పిమ్మట నేమి తిని బ్రదుకుచున్నదని యెన్నడైనను అడిగితిమా?

పూత యొక నెల. తక్కిన పదునొకండు నెలలును గట్టుమీది తంగేడు, కంచెలోని అడ్డసరము, పెరటిలోని తులసి, వీధిచివరి కానుగ ఆ ప్రాణులకు కూడు పెట్టుచు వచ్చినవి. గట్టును ట్రాక్టరుతో దున్ని, కంచెకు ఇనుపతీగ వేసి, పెరటికి సిమెంటు పోసి, ఆ కూటిని మనమే తీసివేయుచున్నాము. తిరుపతిలో క్రొత్తగా లేచుచున్న వీధులలో ఇంటి ముంగిట పిడికెడు మన్ను కనబడకుండ బండలు పఱచి, వానిపై కుండీలలో క్రోటనులు నిలిపి దానినే తోట యనుచున్నాము. ముద్దమందారమును వేడుకతో కొని తెచ్చుచున్నాము. కేసరములు ఱేకులుగా మాఱిపోయిన యా పూవు కంటి కింపైనదే గాని దానియందు పుప్పొడి మిగులుట అరుదు. మన తాతలనాటి రేకమందారమున నట్లు గాదు. దాని నడుమ నుండి పొడుగుగా సాగిన కాడపై పుప్పొడి బహిరంగముగా నుండును, అడుగున తేనె యుండును.

ఆ రేకమందారమే నాకీ సంగతి నేర్పినది. మా పెరటిలోని చెట్టునకొక యెండుకొమ్మ యుండెను. దానిని నఱకుమని నేనే చెప్పితిని. కత్తి యెత్తిన పనివానిని మా యమ్మ నిలిపి, కొమ్మకొన జూపినది. అచట ఆడు తేనెపిట్ట సాలెపోగులతో ఎండుటాకులను, బెరడుపెచ్చులను కూర్చి, జోలెవంటి గూటిని వ్రేలాడగట్టియుండెను. ప్రక్కన చిన్న వాకిలి, వాకిలిపైన చూరు. నెల తిరుగకుండ రెండు పిల్లలు నోరు తెఱచినవి. తేనెపిట్ట యని పేరేగాని, ఆ తల్లి పిల్లల నోట బెట్టినవి ముఖ్యముగా సాలెపురుగులును, మెత్తని ఆకుపురుగులును. పూవు లున్నను పురుగు లేని తోటలో ఆ పిల్లలు బ్రదికియుండెడివి కావని నాకప్పుడు తెలిసినది. కరివేపమీదను, నిమ్మమీదను పిట్టరెట్టవలె గానవచ్చు చిన్న పురుగును చూడగానే మందు చల్లువా రెందఱో కలరు. అది పెరిగి పచ్చనై, గూడు గట్టుకొని, కొన్నాళ్ళకు సీతాకోకచిలుకయై యెగిరిపోవును. నాలుగాకులు తిన్నచో తిననిండు.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. రామానుజాచార్యుల యానతిని శిరసావహించి తిరుమల కేగిన అనంతాళ్వారు, కొండపై చెరువు త్రవ్వి స్వామి మాలలకై పూదోట పెంచెను. నేటికిని బ్రహ్మోత్సవములు ముగిసిన మఱునాడు బాగ్‌సవారి పేర స్వామి యా తోటకే విచ్చేయుచున్నారు. ఇటు మదనపల్లె చెంత, 2022 వఱకును చిత్తూరు జిల్లాయందే యుండిన ఋషివ్యాలీలో, జిడ్డు కృష్ణమూర్తిగారు నెలకొల్పిన విద్యాలయమువారు బీడువడిన లోయలో చెట్లు నాటి, గుట్టలపై పశువుల మేపును కట్టడిచేసి, వాననీరు నిలుచునట్లు కట్టలు వేయగా, పులుగులు తమంతట తామే వచ్చినవి. 150కి మించిన జాతు లచట గానవచ్చినవి. ఆ లోయ 1991లో పక్షిసంరక్షణ క్షేత్రముగా ప్రకటింపబడినది. దక్షిణదేశపు రాతిగుట్టలలో దప్ప ప్రపంచమున మఱెందును లేని పసుపుగొంతు పికిలిపిట్ట యచటను కలదు, మన శేషాచలమునను కలదు. వర్షము చాలని నేలయని మనము సాకు చెప్పుటకు వీలులేదు. అదియు నీ రాయలసీమ నేలయే.

కావున నేను కోరునది యిది. ఇల్లు చిన్నదైనచో రేకమందారము, తులసి, అడ్డసరము, కరివేప చాలును. మిద్దెపై కుండీలలోనైనను ఇవి పెరుగును. రాత్రి తిరుగు చిమ్మటలకై యొక నందివర్ధనము. దొడ్డి గలవారు కానుగనో, పొగడనో, నేరేడునో నాటవలెను. రైతులు గట్టున తంగేటిని కొట్టక విడువవలెను, పొలిమేరను మోదుగను, మేడిని నిలుపవలెను. పెరటిలో ఒక మూల మన్నును బండ పఱువక వదలుడు. మన యడవి తేనెటీగలలో పెక్కులు గుంపులుగా పట్టుపెట్టక నేలలోనే బొరియ చేసికొనును. ఒక యెండిన వెదురుబొంగును పారవేయక యుంచుడు, నల్లతుమ్మెద దానిని తొలిచి కాపురముండును. ఆ తుమ్మెద మన వంగతోటకు చేయు మేలు తెలిసినచో దానిని చీపురుతో తఱుమరు: వంగపూవు పుప్పొడి సంచుల కొనల నుండు సన్నని రంధ్రములనుండి గాని వెలికిరాదు, తుమ్మెద యా పూవును కావలించుకొని జుమ్మని యొడలు అదరజేసినప్పుడది జలజల రాలును. పట్టుపెట్టు తేనెటీగ కీ నేర్పు లేదు. వెడల్పైన మట్టిమూకుడులో నాలుగు గులకరాళ్ళు వేసి నీరు పోసి, దోమ లేకుండ ప్రతిదినము మార్చుడు. వైశాఖమున పిచ్చుకయు, గోరింకయు దానికై కాచుకొనియుండును.

మామిడి రైతులకు వేఱుగ నొక ప్రార్థన. తేనెమంచు పురుగునకు మందు కొట్టవలసివచ్చిన, పూమొగ్గ విచ్చకముందే కొట్టుడు. మఱల వలసినచో పిందె నిలిచిన పిదప కొట్టుడు. పూవు విచ్చియున్న దినములలో చల్లిన మందు పురుగుతోబాటు కాయ నిలుపు నీగను గూడ చంపును.

నగరపాలకవర్గములును, దేవస్థానమువారును వీథుల నడుమను, ఉద్యానములందును పచ్చగడ్డిని, క్రోటనులను తగ్గించి పొగడ, కానుగ, రేల నాటింపవలెను. ప్రభుత్వపు నారుమళ్ళలో నీ మొక్కలు సమృద్ధిగా దొరకునట్లు చూడవలెను. ఎత్తైన కట్టడములకు పట్టిన కొండతేనెపట్టును దివిటీతో కాల్చు నలవాటును అధికారులు మాన్పింపవలెను.

మనకు నైరుతి వానకంటె వెనుకవచ్చు నీశాన్యపు వాన నమ్మదగినది. శ్రావణ భాద్రపదములలో మొక్క నాటినచో, ఆశ్వయుజ కార్తికముల వానకు వేరు నిలద్రొక్కుకొనును. గుంతలు ఆషాఢముననే త్రవ్వి, పశువులయెరువు వేసి సిద్ధముగా నుంచుకొనుడు.