పొరుగు దేశపు బండి

ఒక రాష్ట్రమున రిజిస్టరైన కారు మఱియొక రాష్ట్రమున 12 నెలలు మించి యుండినచో క్రొత్త నంబరు తీసికొనవలయునని మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఇది మన సోదరీమణులు పలువురెఱిగినదే. దేశము దాటినచో నియమమింతకంటె కఠినముగా నుండును. విదేశములలో కాపురమున్న మన ఆడపడుచుల కుపయోగించునని ఐర్లండు సంగతి యొకటి వ్రాయుచున్నాము.

చెల్లెలు డబ్లినులోను, అన్న బెల్ఫాస్టులోను ఉన్నారనుకొందము. నడుమ రెండు గంటల ప్రయాణము. సరిహద్దున అడ్డుకఱ్ఱ లేదు. దారి పలకలపై మైళ్లకు మాఱుగా కిలోమీటర్లు కనబడుటయే గుర్తు. "పిల్లలతో రైలేల? నా కారు తీసికొనిపొమ్మా, నెల దినములు నీయొద్దనే యుండనిమ్ము" అని అన్న యనును. మన యిండ్లలో నిది సహజమే. కాని చిక్కంతయు నిచ్చటనే యున్నది.

1921లో ఆ ద్వీపము విభజింపబడెను. బెల్ఫాస్టు యునైటెడ్ కింగ్డములోనిది. డబ్లిను వేఱు రాజ్యము. ఆ రాజ్యమున నివసించువారు, కొలది మినహాయింపులు తప్ప, విదేశమున రిజిస్టరైన కారును అచ్చట నడుపరాదు. కారెవరిదని మాత్రమే గాక, నడుపువారి కాపురమెచ్చటనని చట్టమడుగును. అన్నయే తన కారు నడుపుకొని చెల్లెలిని చూడవచ్చినచో దోషము లేదు. చెల్లెలు నడిపినచో, లైసెన్సు సరిగా నున్నను, రెవెన్యూ శాఖవారు బండిని పట్టుకొనవచ్చును. నష్టము అన్నకు, తలవంపు చెల్లెలికి.

ఇందులకు కారణము పన్ను. 1993 నుండి అచ్చట కారు రిజిస్టరగునపుడు ప్రత్యేకమైన పన్ను చెల్లింపవలయును. ఆ పన్ను కట్టకుండ పొరుగు దేశపు బండితో కాలము గడుపకుండుటకే యీ కట్టుబాటు.

కారుతో గూడ కాపురము మార్చుకొనువారు 30 దినములలో దానిని రిజిస్టరు చేయింపవలయును. వచ్చుటకు ముందు కనీసము ఆఱు నెలలు తామే కలిగియుండి వాడుకొన్న కారైనచో పన్ను మినహాయింపు కోరవచ్చును. అట్లు పొందినపిమ్మట 12 నెలలవఱకు దానిని అమ్మరాదు, ఎరువీయరాదు. కొన్న రసీదు, భీమా కాగితములు సామానుతో మూటగట్టక చేతిసంచిలో నుంచుకొనుట మేలు.

కావున, సోదరీమణులారా, అచ్చటనున్న కూతుండ్రతో, కోడండ్రతో మాటలాడునపుడు ఈ నియమమును తెలుపుడు. ఆప్తులిచ్చిన కారును ప్రేమతో వలదనుట మర్యాదకు లోపము గాదని మా మనవి.