అమ్మ గదిలో కావలసింది కెమెరానా, లైటా?

మనిషి అడుగు పెట్టగానే వెలిగే లైటు, గదిలో ఎవరూ లేరనుకుంటే చల్లదనం తగ్గించుకునే ఏసీ... వీటిని ఇన్నాళ్లూ కరెంటు బిల్లు ఆదా పేరుతోనే అమ్మారు. నిజానికి వీటి అవసరం ఎక్కువగా ఉన్నది డెబ్బై దాటినవాళ్లకు. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడి, ఊళ్లో ఇద్దరే మిగిలిన ఇళ్లకు. అయితే అలాంటి ఇంట్లోకి ముందుగా వస్తున్నది హాల్లో కెమెరా! నాకిది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడటం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రాణం పోయేంతగా పడేవాళ్లలో 60 దాటినవారే ఎక్కువ. మన ఇళ్లలో దీనికి అనువైన సమయం అర్ధరాత్రి, మూత్రానికి లేచినప్పుడు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పసుపుబారుతుంది, చీకటికి చూపు అలవాటుపడటానికి ఎక్కువసేపు పడుతుంది. దానికి తోడు బీపీ, ప్రోస్టేట్ మందులు వాడేవారిలో కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అదే క్షణంలో గోడ తడుముకుంటూ స్విచ్ వెతకాలి. పక్కవాళ్ల నిద్ర చెడుతుందని అసలు లైటే వేయని అమ్మలు ఎందరో!

మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా మోకాలి కంటే తక్కువ ఎత్తులో రెండు మూడు సెన్సర్ లైట్లు పెడితే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కాలు మంచం దిగగానే వెలగాలి. వెలుతురు పసుపు రంగులో, మందంగా ఉంటే మంచిది. తెల్లగా కొట్టొచ్చినట్టుండే లైటు నిద్రను చెడగొడుతుంది. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీవి తీసుకోండి.

అయితే ఈ సెన్సర్లకు ఉన్న లోపం దుకాణదారు చెప్పడు. చవకగా దొరికేవాటిలో చాలావరకు పీఐఆర్ రకం. మన ఒంటి నుంచి వెలువడే వేడి ఒకచోటి నుంచి మరోచోటికి కదిలితేనే అవి గుర్తుపడతాయి. కదలకపోతే వాటి దృష్టిలో అక్కడ మనిషి లేనట్టే! అంటే బాత్రూమ్‌లో జారిపడి కదల్లేకపోతున్న మనిషి మీద, సరిగ్గా అప్పుడే లైటు ఆరిపోతుంది. మే నెలలో గది వేడి ఒంటి వేడికి దగ్గరైతే వీటి చురుకుదనం ఇంకా తగ్గుతుంది. కదలిక లేదని ఏసీ తనంతట తాను తగ్గిపోవడమూ ఇలాంటిదే. మంచం పట్టిన మనిషి గదిలో ఆ సదుపాయం ఆపేయడం మేలు. బాత్రూమ్‌కి మాత్రం రాడార్ రకం సెన్సర్ మంచిది. అది శ్వాసతో ఛాతీ కదిలే కొద్దిపాటి కదలికను కూడా పసిగట్టగలదు. పైగా బొమ్మ తీయదు.

కెమెరాతో నా పేచీ ఇక్కడే. అది వెలుతురు ఇవ్వదు, పడకుండా ఆపదు. పడ్డాక చూపిస్తుంది, అదీ ఎవరైనా ఫోన్ తెరిస్తే! ఈలోగా ఇంట్లో పెద్దాయన పంచె సర్దుకోవడానికి కూడా మూల వెతుక్కుంటారు. ‘‘నాన్నా, స్వీటు తిన్నావా?’’ అని అమెరికా నుంచి ఫోన్ వస్తే ఆయనకు అది ప్రేమలా అనిపించదు, నిఘాలా అనిపిస్తుంది. పెట్టాలనుకుంటే ముందు వాళ్లను అడగండి. వద్దంటే ఊరుకోండి.

పడిన మనిషి గంటల తరబడి నేల మీదే ఉండిపోతే కండరాలు నలిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి అలర్ట్ వెళ్లాల్సింది సముద్రాల అవతలికి కాదు, పది నిమిషాల్లో రాగలిగేవాళ్లకు. పక్కింటివాళ్ల ఫోన్‌కి, కింది వాటాలో ఉన్నవాళ్ల ఫోన్‌కి. వాళ్ల దగ్గర ఒక తాళంచెవి కూడా ఉండాలి. వీధి తలుపుకి లోపల గడియ వేసుకుంటే ఆ తాళంచెవి పనికిరాదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ గడియ సంగతి చూడండి. బాత్రూమ్ తలుపుకి బయటి నుంచి కూడా తీయగలిగే గొళ్లెం పెట్టించండి.