200 మెగాపిక్సెళ్లు ఎవరి కోసం?

థాంక్స్‌గివింగ్ సేల్స్ దగ్గర పడుతుంటే మన ఇళ్లలో ఒకటే చర్చ: ఇండియాలో పెద్దవాళ్లకి ఏ ఫోన్ తీసుకెళ్దాం? ఎటు తిరిగినా ఆ చర్చ కెమెరా నంబరు దగ్గరే ఆగుతుంది. 48 కంటే 50 మేలు, 200 అయితే ఇంకేం కావాలి అని. కంపెనీలకు కావలసిందీ అదే.

డిగ్రీలో ఫిజిక్స్ చదివిన దాన్ని కాబట్టి ఆ నంబరు లోపల ఏముందో చూశాను. 2023లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రా సెన్సర్‌లో 200 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్లు. ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం ఇంచుమించు అంతే ఉంటుంది! అంత చిన్నదాంట్లో పడే వెలుతురు ఎంత? అందుకే ఫోన్ మామూలుగా 16 పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేసి, 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే మన చేతికిస్తుంది. ఐఫోన్ 14 ప్రోలో 48 కూడా నాలుగేసి కలిసి 12 అయ్యేవే. దీన్ని మోసం అనను. పట్టపగలు, కదలని దృశ్యానికి పూర్తి 200 పనికొస్తుంది. కానీ మనం ఎక్కువగా తీసేది రాత్రిపూట హాల్లో, కేకు చుట్టూ గంతులేసే పిల్లల్ని. అక్కడ కావలసింది పెద్ద సెన్సర్, వేగంగా పడే షట్టర్. వాటికోసం ప్రకటనల్లో వెతుక్కోవాలి.

ఇంకో విచిత్రం. ఎస్22 అల్ట్రాలో వెనక కెమెరా 108, ముందుది 40. మరుసటి ఏడాది వెనకది 200కి పెంచి, ముందుది 12కి దించారు. నంబరే నాణ్యత అయితే అలా చేస్తారా?

మన కుటుంబాలకి అసలు కెమెరా ఆ ముందుదే. రాజమండ్రిలో ఉన్న మా అత్తయ్యగారు మనవల్ని చూసేది వీడియో కాల్‌లోనే. డల్లాస్‌లో మాకు పొద్దున్న అయ్యేసరికి అక్కడ చీకటి పడుతుంటుంది. 2020 నుంచి అమ్ముతున్న 100 రెట్ల జూమ్ ఆవిడకేం చేస్తుంది? ఆ జూమ్ సంగతీ 2023లో బయటపడింది. కంప్యూటర్ తెరమీద కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను ఒకరు ఫొటో తీస్తే, అందులో లేని గుంతలు ఫోన్ ఫొటోలోకి వచ్చాయి. ఏఐతో మెరుగుపరుస్తామని కంపెనీయే వివరణ ఇచ్చింది.

నాకు పెద్ద వార్త అనిపించింది వేరే. 2021లో పిక్సెల్ 6తో గూగుల్ 'రియల్ టోన్' తెచ్చింది, ముదురు రంగు చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి. 2022లో దాన్ని సూపర్ బౌల్ ప్రకటనలో కూడా చూపింది. చామనఛాయ వాళ్లం, మనం అడగాల్సింది ఇలాంటివి.

చవక ఫోన్లలో మూడో లెన్సు చాలాసార్లు 2 మెగాపిక్సెళ్ల మాక్రో. లెక్క నింపడానికే. ఎంత గొప్ప ఫొటో తీసినా హెచ్‌డీ ఎంచుకోకపోతే వాట్సాప్ దాన్ని బాగా కుదించే పంపుతుంది.

షోరూం లైట్ల కింద అన్ని ఫోన్లూ బాగానే ఉంటాయి. కాస్త చీకటి మూలకి తీసుకెళ్లి, ముందు కెమెరాతో అర నిమిషం వీడియో తీసి చూడండి. ఈసారి అత్తయ్యగారికి మేం చూసుకున్నది రెండు లెన్సుల ఫోనే. మిగిలిన డబ్బుతో ఆవిడ కూర్చునే వరండాలో మంచి ఎల్ఈడీ లైటు పెట్టిద్దామంటున్నారు మావారు.