సర్దుకుపోవడమే చదువా?

అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు మనం చేసే హితబోధ అంతా ఒక్క మాటలో ఇమిడిపోతుంది: "సర్దుకుపో." చలి, తిండి, అక్కడివారి యాస, ఆచార్యుణ్ణి పేరు పెట్టి పిలవడం, వంతులవారీగా గిన్నెలు కడగడం - ఇవన్నీ రెండు మూడు నెలల్లో ఎవరికైనా అలవడేవే. వీటినే పెద్ద సమస్యగా చూపి పుటలు నింపే పెద్దలతో నాకు పేచీ ఉంది.

సర్దుకుపోవడం ఎక్కడికి దారితీస్తుందో నల్లగొండ జిల్లా మర్రిగూడకు ఒకరు చెప్పనక్కరలేదు. అక్కడి బోరు నీరు చూపుకు తేటగానే ఉండేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడు కంటికి కనబడదు కదా! వేరే దిక్కులేక జనం ఆ నీటితోనే సర్దుకున్నారు. పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగాయి. ఏళ్ల తరబడి పోరాడితే తప్ప కృష్ణా నీరు ఆ ప్రాంతానికి చేరలేదు.

చదువుల్లోనూ అటువంటి తేటనీరు ఉంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అధికారులు దాడి చేశారు. అక్కడ చేరినవారిలో ఎక్కువమంది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు. స్థాపకురాలు సూసన్ సుకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం మరీ విడ్డూరం. దాన్ని నడిపినవారు అమెరికా ప్రభుత్వ రహస్య ఏజెంట్లే! పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. ప్రభుత్వ గుర్తింపు జాబితాలో పేరు మాత్రం ఉంది. అక్కడ చిక్కినవారిలోనూ చాలామంది తెలుగువారే.

"తరగతులు లేవని తెలిశాక కూడా ఎందుకున్నారు? వీసా కోసమే కదా!" అని తీర్పు చెప్పేవారున్నారు. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. మిగతావారి మాటేమిటి? పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంటికి ఫోను చేసి "నాన్నా, మోసపోయాను" అని చెప్పగలిగే చోటు మనం ఉంచామా? తిరిగివస్తే నలుగురిలో తలెత్తుకోలేమని ముందే నూరిపోసింది మనమే కదా!

పిల్లలకు ఇప్పుడు నేర్పవలసింది పరీక్షించడం. మొదటి నెలలో పాఠం జరగకపోతే నిలదీయడం, జవాబు రాకపోతే బయటికి నడవడం, ఇంటికి ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ నిజాన్ని నిందించకుండా వినడం మన వంతు.

తేటగా కనబడే నీటిని అనుమానించడానికి మర్రిగూడకు తరాలు పట్టింది. పరాయిదేశంలో ఒంటరిగా ఉన్న పిల్లవాడికి అంత వ్యవధి ఎవరిస్తారు?